ఆగిన నెత్తురు మళ్ళీ ఎందుకు కారుతుంది?



దసరా వెళ్ళిన వారం పది రోజులకు మా క్యాజువాలిటీకి ఒక రకం కేసులు వస్తుంటాయి. హొళగుంద మండలం దేవరగట్టులో జరిగే మాళమల్లేశ్వర స్వామి బన్ని ఉత్సవం గురించి మన పడమటి ప్రాంతం వారికి కొత్తగా చెప్పనక్కర లేదు. విజయదశమి రాత్రి ఉత్సవమూర్తుల కోసం ఊళ్ళకు ఊళ్ళు కర్రలు పట్టుకొని తలపడతాయి. ఏటా పదుల సంఖ్యలో తలలు పగులుతాయి. ప్రభుత్వం వారు అక్కడే వైద్య శిబిరం పెడతారు. పెద్ద దెబ్బలు తగిలినవారిని ఆలూరు, ఆదోని ఆసుపత్రులకు పంపిస్తారు. అయినా చాలామంది శిబిరం వైపు తొంగి కూడా చూడరు. పగిలిన చోట స్వామివారి బండారు, అంటే పసుపు, ఇంత అద్దుకొని, పైన తువ్వాలు చుట్టుకొని, తెల్లవారేసరికి ఇంటికి చేరుకుంటారు. ఆ ఉత్సవం మంచిచెడ్డలు చర్చించడం ఈ పేజీ పని కాదు. ఇంటికి చేరిన తర్వాత ఆ గాయంలో ఏమి జరుగుతుందో అదే మన పాఠం.

కొన్నేళ్ళ కిందట ఇలాగే పండుగ అయిన తొమ్మిదో రోజు రాత్రి హాలహర్వి వైపు నుండి ఒక యువకుణ్ణి ఆటోలో తీసుకువచ్చారు. తలకు చుట్టిన తువ్వాలు తడిసి ముద్దయింది. జ్వరం 102 డిగ్రీలు. వెంట వచ్చిన అవ్వ మమ్మల్ని అడిగిన మాట ఇప్పటికీ గుర్తుంది. "నెత్తురు ఆ రాత్రే నిలిచిపాయ గదమ్మా. బండారు పెట్టినాము, గట్టిగా కట్టినాము. తొమ్మిది దినాలు బాగుండి ఇప్పుడెందుకు కారుతుంది సిస్టరమ్మా?"

చాలా మంచి ప్రశ్న. నర్సింగ్ పరీక్షల్లో కూడా ఈ ప్రశ్న అడుగుతారు. జవాబు తెలిసినవారు ఇంట్లో ఒక్కరున్నా ఆ పిల్లవాడు రెండు రోజులు ముందే మా దగ్గరికి వచ్చేవాడు. ఎందుకంటే ఏడో రోజు ఉదయమే దిండు మీద రూపాయి బిళ్ళంత ఎర్రటి మరక కనిపించిందట. "పెచ్చు రాసుకొని వచ్చిందేమో" అనుకున్నారట. ఆ మరక సంగతి తర్వాత చెప్తాము.

నెత్తురు ఎలా ఆగుతుంది

చర్మం తెగగానే అక్కడి రక్తనాళం ముందుగా తనంతట తాను ముడుచుకుంటుంది. ఆ వెంటనే ప్లేట్‌లెట్లు అనే చిన్న కణాలు తెగిన అంచుకు అతుక్కొని, ఒకదానికొకటి అంటుకొని, తాత్కాలికంగా బిరడా వేస్తాయి. మన రక్తంలో ఒక మైక్రోలీటరుకు ఇవి లక్షన్నర నుండి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. ఈ బిరడా ఒక్కటే అయితే కాసేపటికే కొట్టుకుపోతుంది. దానికి గట్టి కట్టు కావాలి.

ఆ కట్టు ఎలా తయారవుతుందో చెప్పడానికి ఎమ్మిగనూరు మగ్గాలే మంచి ఉదాహరణ. దూది దూదిగా ఉన్నంతవరకు గుడ్డ కాదు. వడికి నూలు చేస్తేనే నేతకు పనికివస్తుంది. మన రక్తంలో ఫైబ్రినోజన్ అనే పదార్థం కరిగి, వడకని దూదిలాగా తిరుగుతూ ఉంటుంది. గాయం తగిలినప్పుడు త్రాంబిన్ అనే మరో పదార్థం తయారై దానిని సన్నని పోగులుగా మారుస్తుంది. ఆ పోగులకు ఫైబ్రిన్ అని పేరు. అవి అడ్డంగా నిలువుగా అల్లుకొని వలలా ఏర్పడతాయి. ఆ వలలో ఎర్ర కణాలు చిక్కుకొని గడ్డ కడుతుంది. పైభాగం ఎండిపోతే మనం పెచ్చు అంటాము.

ఇంతవరకు అందరూ సులువుగానే ఒప్పుకుంటారు. ఒప్పుకోనిది తర్వాతి మాట. రక్తం ఆగడం అంటే గాయం మానడం మొదలైందని మాత్రమే. ఆ ఫైబ్రిన్ వల రంధ్రం పూడ్చడంతో పాటు ఇంకో పని కూడా చేస్తుంది. గోడ లేపేటప్పుడు మేస్త్రీలు కట్టెలతో సారవ కడతారు కదా, ఆ సారవ మీద నిలబడే ఇటుకలు పేరుస్తారు. అలాగే తెల్ల కణాలు, కొత్త చర్మాన్ని, కొత్త రక్తనాళాలను కట్టే కణాలు ఈ ఫైబ్రిన్ పోగులను పట్టుకొనే గాయంలోకి పాకుతాయి. మొదటి రెండు మూడు రోజులు తెల్ల కణాలు చెత్త ఊడుస్తాయి. నాలుగో రోజు ప్రాంతంలో కొత్త కండ పుట్టడం మొదలవుతుంది. అది రెండు మూడు వారాలు సాగుతుంది. కట్టడం పూర్తయ్యేకొద్దీ ప్లాస్మిన్ అనే పదార్థంతో శరీరమే ఆ సారవను మెల్లగా కరిగించి తీసేస్తుంది. మచ్చ గట్టిపడటానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. అప్పటికి కూడా ఆ చోటు పాత చర్మానికి ఉన్న బలంలో 80 శాతానికి మించి తెచ్చుకోలేదు.

కట్టడం ముగియకముందే ఎవరైనా వచ్చి సారవను ఊడబీకితే ఏమవుతుంది? సూక్ష్మజీవులు చేసే పని అదే.

ఒకటి గోడ కడుతుంది, ఒకటి గోడ కూలుస్తుంది

గాయాలకు చీము పట్టించే బాక్టీరియాలలో మనకు ఎక్కువగా కనిపించేవి రెండు. స్టాఫిలోకాకస్ ఆరియస్, స్ట్రెప్టోకాకస్ పయోజినిస్. పేర్లు పొడవుగా ఉన్నాయని భయపడకండి. స్టాఫ్, స్ట్రెప్ అని పిలుచుకుందాము. మేము కూడా వార్డులో అలాగే అంటాము.

స్టాఫ్‌కు ఆ పేరు పెట్టినవాడు స్కాట్లాండులోని ఆబర్డీన్ నగరపు సర్జన్ అలెగ్జాండర్ ఆగ్‌స్టన్. 1880 ప్రాంతంలో ఆయన తన రోగుల చీమును మైక్రోస్కోపులో చూస్తే ద్రాక్ష గుత్తుల్లాంటి గుండ్రటి జీవులు కనిపించాయి. గ్రీకు భాషలో ద్రాక్ష గుత్తికి ఉన్న మాటనే పేరుగా పెట్టాడు. 1903లో లియో లోబ్ అనే శాస్త్రవేత్త ఒక వింత గమనించాడు. ఈ జీవిని రక్తపు ప్లాస్మాలో వేస్తే ప్లాస్మా గడ్డకడుతోంది. దానికి కారణం ఆ జీవి విడుదల చేసే కోయాగ్యులేజ్ అనే పదార్థమని తర్వాత తేలింది. ఇప్పటికీ ఎన్నో ల్యాబ్‌లలో స్టాఫ్ ఆరియస్‌ను గుర్తుపట్టడానికి ఇదే పరీక్ష చేస్తున్నారు. గొట్టంలో ప్లాస్మా పోసి, జీవిని కలిపి, ఒంటి వేడిలో నాలుగు గంటలు ఉంచి, వంచి చూస్తారు. గడ్డకడితే స్టాఫ్ ఆరియస్ అన్నమాట.

మన నెత్తురును గడ్డకట్టించడం వల్ల దానికేమి లాభం? మన ఫైబ్రిన్‌తోనే తన చుట్టూ కోట కట్టుకుంటుంది. తెల్ల కణాలు ఆ కోటలోకి సులువుగా చొరబడలేవు. సెగ్గడ్డ లేచినప్పుడు చుట్టూ గట్టిగా, మధ్యలో మెత్తగా తగులుతుంది చూశారా? ఆ గట్టితనంలో ఈ కోట గోడ కూడా ఉంది. రెండు మాత్రలు మింగి "తగ్గలేదు" అని వచ్చేవారికి మేము చెప్పేది ఇదే. పెద్ద గడ్డ లోపలికి మందు సరిగా చేరదు. డాక్టరు గారు కోసి చీము తీయవలసిందే. ఇంట్లో వేళ్ళతో నొక్కితే ఆ కోట లోపలివైపుకు పగిలి, జీవులు రక్తంలో కలిసే ప్రమాదముంది. ముక్కు మీద, పై పెదవి మీద లేచిన గడ్డలను అసలు ముట్టుకోవద్దు. అక్కడి సిరలకు మెదడు వైపు దారి ఉంది.

స్ట్రెప్ ఎత్తు దీనికి తలకిందులు. దానికి పాకిపోవడం కావాలి. దారిలో అడ్డమొచ్చే ఫైబ్రిన్ వలలను కరిగించుకుంటూ పోతుంది. 1933లో అమెరికాలో విలియం టిల్లెట్, గార్నర్ అనే ఇద్దరు ఈ సంగతి కనిపెట్టారు. ఆ కరిగించే పదార్థానికి తర్వాత స్ట్రెప్టోకైనేజ్ అని పేరు వచ్చింది. ఈ పేరు ఎక్కడో విన్నట్టు ఉందా? గుండెపోటు వచ్చినవారికి రక్తనాళంలో అడ్డుపడిన గడ్డను కరిగించడానికి 15 లక్షల యూనిట్లు గంటసేపు ఎక్కించే మందు ఇదే. మన హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్, భారత్ బయోటెక్ కంపెనీలు కూడా 2000 దశాబ్దంలో దీనిని తయారుచేసి అమ్మాయి. ఇప్పుడు చాలా చోట్ల టెనెక్టిప్లేజ్ వంటి కొత్త మందులు దాని స్థానంలోకి వచ్చాయి. గొంతు నొప్పిని, పుండును తెచ్చే పురుగు దగ్గర ఉన్న ఆయుధమే ఎందరికో ప్రాణం పోసిందంటే, మేము మొదటిసారి చదివినప్పుడు నమ్మబుద్ధి కాలేదు.

కానీ గాయంలో అది మందు కాదు. స్ట్రెప్ పట్టిన కాలు చూడండి. చీము చిక్కగా ఒకచోట నిలవదు. పలచగా, నీళ్ళలాగా ఉంటుంది. చర్మం ఎర్రబడి, వేడెక్కి, గంట గంటకూ ఎగబాకుతుంది. ఇలాంటి కాలు వస్తే మేము ఎరుపు అంచు వెంట బాల్‌పెన్నుతో గీత గీసి పక్కన సమయం రాస్తాము. మీరూ ఇంట్లో ఈ పని చేయవచ్చు. గీత దాటి ఎరుపు పోతున్నదంటే తెల్లవారేదాకా ఆగకూడదు.

ఇంత సూటిగా విడదీసి చెప్పినందుకు మా ల్యాబ్ వారు కోప్పడతారేమో. నిజానికి స్టాఫ్ దగ్గర కూడా గడ్డను కరిగించే పదార్థం ఒకటి ఉంది. కోట కట్టుకొని పెరిగి, సమయం చూసి గోడ కరిగించుకొని బయటకు వస్తుంది. చాలా గాయాల్లో ఇవి రెండే కాక ఇంకా ఎన్నో జీవులు కలిసి ఉంటాయి. కొన్ని జిగురు పొర కప్పుకొని మందులకు చిక్కకుండా దాక్కుంటాయి.

తొమ్మిదో రోజు జరిగింది

ఇప్పుడు అవ్వ ప్రశ్నకు వద్దాము. ఆ పిల్లవాడి తల మీద పసుపు, నెత్తురు, దుమ్ము కలిసి అట్టకట్టి ఉన్నాయి. సెలైన్‌తో తడిపి తడిపి తీస్తే అడుగున అరచేతి వెడల్పున చీము. ఒకవైపు సన్నని ధమని నుండి రక్తం చిమ్ముతోంది. కర్ర దెబ్బ పడిన రోజు ఆ ధమని కొసకు గడ్డకట్టి మూసుకుపోయింది. చీములోని జీవుల రసాలు, వాటితో పోరాడి చచ్చిన తెల్ల కణాల రసాలు కలిసి ఆ గడ్డను మెత్తబరిచాయి, రక్తనాళం గోడను తినేశాయి. గోడ తెగిన రోజున రక్తం మళ్ళీ వచ్చింది.

దెబ్బ తగిలినప్పుడు వచ్చేది మొదటి రక్తస్రావం. మొదటి 24 గంటల్లో, రక్తపోటు కోలుకున్నప్పుడో కట్టు జారినప్పుడో వచ్చేది ఇంకోటి. ఏడో రోజు నుండి పద్నాలుగో రోజు మధ్యలో వచ్చే మూడో రకానికి దాదాపు ఎప్పుడూ కారణం చీమే. ఆపరేషన్ కుట్ల దగ్గరైనా, టాన్సిల్స్ తీసిన చోటైనా, పన్ను పీకిన చోటైనా ఇదే లెక్క. ఇది చెప్పకుండా రాదు. పెద్ద రక్తస్రావానికి ఒకటి రెండు రోజుల ముందు కొద్దిగా ఎర్రటి మరక కనిపించి ఆగిపోతుంది. దిండు మీద కనిపించిన రూపాయి బిళ్ళంత మరక అదే. వారం దాటిన గాయం నుండి కొత్త నెత్తురు కొంచెం కనిపించినా, దానంతట అదే ఆగిపోయినా, ఆ రోజే ఆసుపత్రికి రండి.

ఆ రాత్రి సర్జన్ గారు ధమనిని కట్టి, చీము కడిగి, చచ్చిన కండను తీసి గాయాన్ని తెరిచే ఉంచారు. "కుట్లు వేయరా?" అని అవ్వకు అనుమానం. మురికి గాయానికి పైన కుట్లు వేసి మూయడమంటే దొంగను ఇంట్లో పెట్టి తలుపు వేయడమే. రోజూ కట్టు మార్చి, ఐదో రోజు లోపల శుభ్రంగా ఎర్రగా కనిపించాక కుట్లు వేశారు. ఊళ్ళో ఎవరో ఒకరు ఇంటి దగ్గరే కుట్లు వేసి పంపిన గాయాలు లోపల ఉడికి మా దగ్గరికి రావడం మేము చాలా చూశాము. తల గాయం విషయంలో ఇంకో భయం ఉంది. మాడు మీది సిరలకు పుర్రె లోపలి సిరలతో సంబంధం ఉంటుంది. పైన పట్టిన చీము లోపలికి దిగవచ్చు.

బాలింత కూడా గాయపడ్డ మనిషే

అక్కలూ, అవ్వలూ, ఈ భాగం మీకోసం. మాయ ఊడి వచ్చాక గర్భసంచి లోపల అరచేయంత పచ్చి గాయం మిగులుతుంది. కంటికి కనబడదు కాబట్టి ఎవరూ దానిని గాయమనుకోరు. అక్కడి రక్తనాళాలు గర్భసంచి ముడుచుకోవడం వల్ల, గడ్డకట్టడం వల్ల మూసుకుంటాయి. మాయ ముక్క లోపల మిగిలినా, ప్రసవ సమయంలో శుభ్రత లేకపోయినా ఆ గాయానికి చీము పడుతుంది. అప్పుడు తల మీది గాయంలో జరిగినదే ఇక్కడా జరుగుతుంది. తగ్గిపోయిన ఎర్రబట్ట మళ్ళీ ఎర్రగా, గడ్డలుగా మొదలవుతుంది. ప్రసవమైన రెండో రోజు నుండి ఆరు వారాల దాకా, ఇంకా తర్వాత కూడా ఇలా జరగవచ్చు.

మైల బట్ట వాసన వేయడం, పొత్తికడుపు నొప్పి, చలిజ్వరం, తగ్గిన రక్తం మళ్ళీ పెరగడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా "బాలింతకు ఇవి మామూలే" అని అనవద్దు. పుట్టింటిలో ఉంది, అత్తగారికి చెప్పి వెళ్ళాలి, మంచి రోజు చూడాలి అని ఆగిపోయిన కుటుంబాలను మేము చూశాము. 108కు ఫోన్ చేయడానికి ఎవరి అనుమతీ అక్కర లేదు.

రక్తమంతా పాకినప్పుడు

చీము ఒకచోట ఉన్నంతకాలం గడ్డకట్టే గొడవ అంతా ఆ చోటిదే. జీవులు, వాటి విషాలు రక్తంలోకి చేరితే సెప్సిస్ అంటాము. అప్పుడు ఒళ్ళంతటా చిన్న చిన్న రక్తనాళాల్లో అనవసరంగా గడ్డలు కట్టడం మొదలవుతుంది. మూత్రపిండాలకు, కాలి వేళ్ళకు నెత్తురు సరిగా అందదు. వేళ్ళ కొసలు నల్లబడవచ్చు. ఈ లెక్కలేనన్ని చిన్న గడ్డలకే ప్లేట్‌లెట్లు, ఫైబ్రినోజన్ ఖర్చయిపోతాయి. మగ్గం మీద పనికిరాని గుడ్డ నేసి నేసి నూలు అయిపోయినట్టు. అసలు అవసరమైన చోట గడ్డకట్టడానికి ఏమీ మిగలదు. చిగుళ్ళ నుండి, సూది గుచ్చిన చోట నుండి రక్తం ఊరుతూనే ఉంటుంది. చర్మం మీద నొక్కినా పోని ఎర్రటి, ఊదారంగు చుక్కలు కనిపిస్తాయి. ఒకే మనిషిలో ఒకేసారి అతిగా గడ్డకట్టడమూ, అసలు గడ్డకట్టకపోవడమూ! మొదటిసారి చూసే నర్సింగ్ విద్యార్థులకు ఇది అర్థం కావడానికి చాలా సేపు పడుతుంది.

ప్లేట్‌లెట్లు తగ్గాయంటే ఈ రోజుల్లో అందరూ డెంగీ అనే అనుకుంటారు. బొప్పాయి ఆకు రసం కోసం పరుగెత్తుతారు. ఒంటి మీద చీము పట్టిన పుండు ఉండి ప్లేట్‌లెట్లు తగ్గితే సెప్సిస్‌ను కూడా అనుమానించాలి. పుండు సంగతి డాక్టరు గారికి తప్పక చెప్పండి. సిగ్గుపడి దాచే చోట ఉన్నా చెప్పండి.

గడ్డకట్టే గుణం పోయిందో లేదో చూడటానికి మంచం పక్కనే చేయగల పరీక్ష ఒకటి ఉంది. కొత్త పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూస్తాము. పొలాల్లో పాము కాటు తిన్నవారికి ఇదే చేస్తాము. రక్తపింజర విషం కూడా ఫైబ్రినోజన్‌ను ఖర్చు చేసేస్తుంది కనుక రక్తం నీళ్ళలా జారుతుంది. సెప్సిస్ విషయంలో ల్యాబ్ పరీక్షలు ఇంకా చాలా చేయవలసి ఉంటుంది.

ఇంట్లో వారు గమనించవలసినవి ఇంతే. పుండు లేదా కుట్లు ఉన్న మనిషి ఊపిరి నిమిషానికి 22 దాటి తీస్తున్నా, పిలిస్తే తికమకగా మాట్లాడుతున్నా, మూత్రం బాగా తగ్గినా, చేతులు కాళ్ళు చల్లబడినా సెప్సిస్ అనుకొని బయలుదేరాలి. ముసలివారిలో, పసిబిడ్డల్లో జ్వరం లేకుండానే ఇది రావచ్చు. ఒళ్ళు చల్లగా ఉందని ధైర్యపడవద్దు.

కట్టు గురించి, కొంచెం మా తప్పు గురించి

శిక్షణ పొందుతున్న రోజుల్లో మేము ఒక పొరపాటు చేశాము. కాలి పుండు మీద గాజుగుడ్డ ఎండి అతుక్కుపోతే, త్వరగా ముగించాలని ఒక్క లాగు లాగాము. ఆ పెద్దాయన అరవలేదు కానీ కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి, పుండు నిండా నెత్తురు వచ్చింది. మా సీనియర్ సిస్టర్ ఆ గుడ్డను తిప్పి మాకు చూపించారు. దానికి ఎర్రటి గింజల్లాంటి కండ అంటుకొని ఉంది. "ఆయన పది రోజులు కష్టపడి కట్టుకున్నది నువ్వు పీకేశావు" అన్నారు. దానిమ్మ గింజల్లా ఎర్రగా, తాకితే నెత్తురు చిందేలా ఉండే ఆ కండ ఆరోగ్యానికి గుర్తు. తెల్లగా, పసుపుగా, జిగటగా, వాసనగా ఉంటే చీము గుర్తు. వెలిసిపోయినట్టు పాలిపోయి ఉంటే నెత్తురు తక్కువగా ఉందేమో చూడాలి.

పుండు మానకపోవడానికి మా దగ్గర కనిపించే పెద్ద కారణం షుగరు. షుగరు ఎక్కువగా ఉంటే తెల్ల కణాలు చురుకుగా పని చేయవు, కాళ్ళలో స్పర్శ పోతుంది, రక్తం సరిగా అందదు. పత్తి చేలో మోడు గుచ్చుకున్నా తెలియదు. మూడు వారాలైనా మానని ఏ పుండుకైనా షుగరు పరీక్ష చేయించండి. బీడీ, పొగాకు చిన్న రక్తనాళాలను ముడుస్తాయి. సారా తాగి కాలేయం పాడైతే గడ్డకట్టే పదార్థాల తయారీ కూడా తగ్గుతుంది. పుండు ఉన్నవారికి పప్పు, గుడ్డు, పాలు, శెనగవిత్తనాలు పెట్టవద్దని, పథ్యమని కొందరు అంటారు. కొత్త కండ కట్టడానికి కావలసిన మాంసకృత్తులు వాటిలోనే ఉన్నాయి. పెట్టండి.

దెబ్బ తగిలినప్పుడు ఉతికిన నూలు గుడ్డ మడతపెట్టి పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టండి. నిమిషానికోసారి తీసి చూస్తే అప్పుడే అల్లుకుంటున్న వల తెగిపోతుంది. మాడు మీది గాయానికి నెత్తురు ఎక్కువ కారుతుంది. అక్కడి రక్తనాళాలు బిగుతైన కండలో ఇరుక్కుని ఉండి ముడుచుకోలేవు. భయపడకుండా ఇంకా కొంతసేపు పట్టండి. అయితే పుర్రె మెత్తగా లోపలికి కుంగినట్టు ఉంటే నొక్కకుండా, పైన గుడ్డ చుట్టి తీసుకురండి. మన ఆదోని ప్రాంతంలో దూదికి కరువు లేదు కనుక చేతికందిన దూదిని నేరుగా గాయంలో కుక్కుతుంటారు. దాని పీచు లోపల ఉండిపోయి చీముకు ఇల్లవుతుంది. గాయం మీద గుడ్డే ఉండాలి, దూది దాని పైన.

నెత్తురు ఆగాక కాచి చల్లార్చిన నీళ్ళతోనో, తాగే మంచినీళ్ళతోనో ధారగా, మట్టి పోయేదాకా కడగండి. ఈ ఒక్క పని ఏ పూత మందు కంటే ఎక్కువ మేలు చేస్తుంది. లోతైన గాయాన్ని, ఆగక కారుతున్న గాయాన్ని ఇంట్లో కడగడానికి కూర్చోకుండా తీసుకురండి. నురగ వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను రోజూ పోస్తే కొత్త కణాలు కూడా చస్తాయి. పసుపులో సూక్ష్మజీవులను కొంత అణిచే గుణం ఉందని ల్యాబ్ పరీక్షల్లో తేలిన మాట నిజమే. వంటింటి పసుపైనా, బండారైనా, ఎందరో ముట్టిన పొడి పచ్చి గాయంలో పడితే అట్టకట్టి లోపలి చీమును దాచిపెడుతుంది. గాయపాకు పసరుతో రక్తం ఆగుతుంది, మేము కాదనము. పొలంలో దొరికిన ఆకును మట్టి చేతులతో నలిపి పిండడంతోనే మాకు పేచీ. సున్నం, కిరోసిన్, కాఫీ పొడి, బూడిద, వీటి గురించి వాదన కూడా అక్కరలేదు.

"ధనుర్వాతం సూది వేయించుకున్నాము, ఇక చీము పట్టదు" అనే మాట మేము వారానికి ఒక్కసారైనా వింటాము. ఆ సూది, ఇప్పుడు టీడీ అంటున్నాము, ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా కాపాడుతుంది. తప్పక వేయించుకోవాలి. స్టాఫ్‌ను, స్ట్రెప్‌ను అది ఏమీ చేయదు. అలాగే మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న రెండు మూడు యాంటీబయాటిక్ మాత్రలతో చీము పోదు. లొంగని జీవులు మాత్రం తయారవుతాయి. ఆరియోమైసిన్ 1948లో వెలుగులోకి వచ్చినప్పుడు దానిని కనిపెట్టిన లెడర్లీ పరిశోధనశాలకు పరిశోధన డైరెక్టరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అంత కష్టపడి సాధించిన మందుల్లో ఎన్నో ఈనాడు సగం సగం వాడకం వల్ల పని చేయకుండా పోతున్నాయి. డాక్టరు గారు ఎన్ని రోజులు రాస్తే అన్ని రోజులూ మింగండి. గుండెకు స్టెంట్ వేయించుకొని రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నవారు గాయమైందని వాటిని సొంతంగా ఆపవద్దు. మాత్రల కవరు వెంట తెచ్చి చూపించండి.

కుట్లు ముఖం మీదివి మూడు నుండి ఐదు రోజులకు, తల మీదివి ఏడు నుండి పది రోజులకు, చేతులు కాళ్ళవి పది నుండి పద్నాలుగు రోజులకు విప్పుతాము. వచ్చేటప్పుడు పాత చీటీ తెచ్చుకోండి. కట్టు ఎండి అతుక్కుపోయి ఉంటే దారిలో గాని ఇంట్లో గాని విప్పుకొని రావద్దు. అలాగే రండి, సెలైన్‌తో తడిపి మేమే తీస్తాము. పావుగంట పట్టినా సరే, కూర్చోండి.